అచ్చు అతికిన రోజు

నేను ఒక హార్డ్ డిస్కుని. కంప్యూటర్ అనగానే మీరంతా దాని తెర వంకే చూస్తారు. ఆ తెర పక్కన డబ్బాలో, వైర్ల మధ్య, దుమ్ములో పడుకుని అన్నీ జ్ఞాపకం పెట్టుకునే పని మాత్రం నాది. అరచేతిలో పట్టే ఇనపదాన్ని. చేతిలో పెట్టుకుంటే చెయ్యి కాస్త కిందికి దిగేంత బరువుంటాను. నా పొట్టలో అద్దాల్లాంటి పళ్ళేలు ఉంటాయి. అవి తిరుగుతుంటే వాటి మీద ఆనీ ఆనకుండా ఒక సన్నటి ముల్లు కదులుతూ ఉంటుంది. ఆ ముల్లే రాస్తుంది, ఆ ముల్లే చదువుతుంది. నాకొచ్చిన విద్య అంతే.

నేను పుట్టింది సముద్రం అవతల ఒక కర్మాగారంలో. దుమ్ము రేణువు కూడా దూరని గది అది. అక్కడి ఆడపిల్లలు తలనుంచి పాదాల దాకా తెల్లటి తొడుగుల్లో ఉండేవాళ్ళు. నా మూత బిగించిన పిల్ల కళ్ళు తప్ప మొహం నేను చూడలేదు. ఊపిరి నా మీద పడుతుందేమోనని మూతికి గుడ్డ కట్టుకుని, అంత పదిలంగా నన్ను తయారుచేసి, చివరికి పంపించింది ఎక్కడికయ్యా అంటే, బాపట్ల బస్టాండు ఎదురుగా ఉన్న ఒక నెట్ సెంటరుకి. ఆ రోడ్డు మీద లేచే దుమ్ము చూస్తే ఆ పిల్ల ఏమనుకునేదో.

నెట్ సెంటరు ప్రభుదాసు గారిది. చెక్కలు అడ్డం పెట్టి కట్టిన చిన్న చిన్న అరల్లో కంప్యూటర్లు ఉండేవి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున ఒక్కో అరలో నలుగురైదుగురు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నెంబరు కొట్టేవాళ్ళు. పాసైనవాడు గట్టిగా అరిచేవాడు. తప్పినవాడు ఆ నెంబరునే మళ్ళీ మళ్ళీ కొట్టేవాడు, రెండోసారికో మూడోసారికో నాకు జాలి పుట్టి మార్కులు కలుపుతానన్నట్టు. ఒక అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి ఎవరికో ఉత్తరం రాసి, పంపకుండా చెరిపేసి, లేచి వెళ్ళిపోయేది. మనుషులకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. మీరు చెరిపేశాం అనుకున్నవేవీ వెంటనే పోవు. మేము పేరు మాత్రం కొట్టేస్తాం. సరుకు అక్కడే ఉంటుంది, ఇంకెవరో వచ్చి దాని మీద వేరే రాసేదాకా. ఆ అమ్మాయి ఉత్తరాలు చాలాకాలం నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్పడం నా పని కాదు.

అక్కడ కీబోర్డులు తుడుస్తూ, కరెంటు పోతే జనరేటరు తిప్పుతూ ఉండే కుర్రాడు కాలేషా. తుడుస్తూనే డబ్బా విప్పడం, బిగించడం నేర్చుకున్నాడు. తర్వాత రోజుల్లో అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ప్రభుదాసు గారి అరలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆయన సెంటరు ఎత్తేసిన నాడు, నేనున్న కంప్యూటర్ని కాలేషా తన మోపెడ్ మీద పెట్టుకుని చీరాల పక్కన ఒక నేతగాళ్ళ వీధికి తీసుకెళ్ళాడు. అక్కడ గోలి బుచ్చేశ్వరరావు గారింట్లో దించాడు. అదే నా రెండో ఇల్లు. ఇల్లంటే అదే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఇంటి ముందుగదిలో గుంట మగ్గం. బుచ్చేశ్వరరావు గారి కొడుకు వీరాస్వామి అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని పొద్దుటినుంచీ పొద్దుగూకేదాకా, అడ్డపోగు మోసే నాడెని అటూ ఇటూ కొడుతూ నేసేవాడు. నడవలో బల్ల మీద నేను. మధ్యన ఒక గోడే అడ్డం. మగ్గం పలక పడ్డప్పుడల్లా నేల సన్నగా అదిరేది, నేనున్న బల్లా అదిరేది. ఎక్కడెక్కడో పనిచేసిన నా తోటివాళ్ళ సంగతి నేను వినలేదు గాని, మగ్గం చప్పుడుకి తాళం వేస్తూ తిరిగిన డిస్కుని బహుశా నేనొక్కదాన్నే.

బుచ్చేశ్వరరావు గారు చీర అంచులకు డిజైన్లు గీసేవారు. ఆ వీధిలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఆయన గీసిన అంచులు నేసేవాళ్ళు. గ్రాఫ్ కాగితం మీద ఒక గడి అంటే ఒక పోగు. ఆ గళ్ళు చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం మీదున్న జకార్డుకి తగిలిస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చిలకైనా, మామిడిపిందె అయినా అలా పుట్టాల్సిందే. ఒక తుఫాను ఏట అటక మీద కట్టలుగా పేర్చిన గ్రాఫ్ కాగితాలు తడిసి సగం ముద్దయిపోయాయి. మిగిలిన సగమైనా నిలబడాలని ఆయన కంప్యూటర్ తీసుకున్నారు. సిటీ నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చి డిజైన్లు గీసే ప్రోగ్రాం నా మీద ఎక్కించి, తాళం గుర్తు ఒకటి నా మొదటి గదుల్లో ఎక్కడో దాచి, తెచ్చిన సీడీ తనే పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ప్రోగ్రాంలో గీసింది ఆ ప్రోగ్రాంలోనే తెరుచుకుంటుంది. ఇంకెక్కడా కళ్ళు తెరవదు. ఆ కంపెనీ తర్వాత మూసేశారని ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

బుచ్చేశ్వరరావు గారు కుర్చీలో కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చోలేకపోయేవారు. నేల మీద పని చేసిన మనిషి. కుర్చీలోనే మఠం వేసుకుని, మౌసుని ఒక మగ్గం చెక్క మీద పెట్టుకుని, గళ్ళు పైకి లెక్కపెట్టుకుంటూ నింపేవారు. మిగిలిన కాగితాల మీదున్నవన్నీ నెలల తరబడి కూర్చుని నాలోకి దించారు. వాటికి పెట్టిన పేర్లు భలేగా ఉండేవి. ఆ రోజు ఏం జరిగితే ఆ పేరు. 'కోటమ్మ గారి మామిడిపిందె' అని ఒకటి. 'వానలో కొంగ' అని ఒకటి. 'కరెంటు పోయినప్పటి తీగ' అని ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరాల్లో ఆయనకు తోచిన స్పెల్లింగుతో కొట్టేవారు. నేను ఏ అక్షరానికి ఆ అక్షరం దాచాను. దిద్దడం కూడా నా పని కాదు.

వీరాస్వామి పెళ్ళాం సువర్చల. ఆమె ఆ ఇంటికి వచ్చాక బల్ల దగ్గర మామగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. డిగ్రీ చదివింది. పుట్టింటివాళ్ళకు మగ్గం లేదు. వాళ్ళమ్మ ఇంటింటికీ వెళ్ళి అచ్చులు అతికేది, ఈమె సెలవుల్లో తల్లి వెంట వెళ్ళి చెయ్యి వేసేది. అచ్చు అతకడమంటే ఏమిటో తర్వాత చెప్తాను. నా కథ దాని మీదే తిరిగింది.

కొంతకాలానికి బుచ్చేశ్వరరావు గారి కళ్ళలో నీటికాసులు వచ్చాయి. చూపు అంచులనుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. అంచులు గీసిన మనిషికి ముందు పోయింది అంచులే. తెరకు మొహం దగ్గరగా పెట్టి గీసేవారు. ఇంకా దగ్గరగా. ఒకనాడు మౌసు పక్కన పెట్టేశారు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది 'జోడు చిలకలు' అనే అంచు. రెండు చిలకలు ముక్కూ ముక్కూ ఆనించి ఉంటాయి. ఒక చిలక పూర్తయింది, రెండోదానికి తల మాత్రం వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

మిగతాది నోటితో చెప్పమని సువర్చల అడిగేది. "మీరు చెప్పండి మామయ్యా, నేను నింపుతా."

"కళ్ళతో గియ్యాల్సింది నోటితో గియ్యమంటావా. వదిలెయ్ అమ్మాయ్. ఉన్నయ్యి చాలు ఈ వీధికి."

ఉన్నవి నిజంగానే చాలు. అట్టలు అరిగిపోయినప్పుడో, ఎలుకలు కొరికినప్పుడో ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. సువర్చల ఆ అంచు తెరిచి గళ్ళు తీసి ఇచ్చేది. మళ్ళీ అట్టలు కొట్టుకునేవాళ్ళు. బుచ్చేశ్వరరావు గారు మాత్రం రోజూ వచ్చి కుర్చీలో మఠం వేసుకుని కూర్చునేవారు. తెర ఆయనకు కనిపించేది కాదు. నేను తిరుగుతున్న చప్పుడు విని, "వెలిగిందా" అనేవారు.

అలాంటి రోజుల్లో నాకు జబ్బు చేసింది. ముల్లు ఒక చోటికి వెళ్ళేది, అక్కడ రాసి ఉన్నది చదవలేకపోయేది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా టిక్కుమనేది. ముందుగా కనిపెట్టింది ఆయనే.

"అమ్మాయ్, ఆ టిక్కు మగ్గానిది గాదు."

"ఏ టిక్కు మామయ్యా?"

"వాడి నాడె దెబ్బ నాకు తెలీదా. దాని సందులో ఇంకేదో కొడతంది. ఆ డబ్బాలో చూడు."

కబురు పెడితే కాలేషా వచ్చాడు. ఇప్పుడతను చీరాలలో సొంత రిపేరు షాపు పెట్టుకున్నాడు, కాస్త పొట్ట కూడా వచ్చింది. డబ్బా మూత తీసి నాకు చెవి ఆనించి విన్నాడు. పాత నెట్ సెంటరు స్నేహితుణ్ణి అలా దగ్గరగా చూసి నాకు బాగానే అనిపించింది. అతనికి మాత్రం అనిపించలేదు.

"డిస్కు పోయే కాలం వచ్చింది బాబాయ్. ఇయ్యాళో రేపో అన్నట్టుంది."

"మనిషి సంగతి చెప్పినట్టు చెప్తన్నావేందిరా."

"మనిషైతే గుంటూరు పంపిచ్చేవాణ్ణి. దీనికి ఆస్పత్రి లేదుగా. పోయేలోగా ఇందులోయన్నీ ఇంకోదాంట్లోకి దించుకోటమే."

మర్నాడు కొత్త డిస్కు తెచ్చాడు. చూస్తే నాకు నవ్వొచ్చింది. పల్చగా అట్టముక్కలా ఉంది. లోపల తిరిగేదేమీ లేదట, చప్పుడే చెయ్యదట. నాలాంటి పాతకాలపు కంప్యూటర్‌కి తగలడానికి మధ్యలో ఒక అతుకు ముక్క పెట్టాడు. నా దగ్గరున్న ఫైళ్ళన్నీ దానిలోకి పోశాడు. చదవగలిగినవన్నీ ఇచ్చాను. సాయంత్రానికి నన్ను విప్పి పక్కన పెట్టి, దాన్ని బిగించి, "ఒక్క ఫైలు గూడా వదల్లా" అంటూ స్విచ్చి నొక్కాడు.

అతనూ సువర్చలా తెర మీదకు వంగారు.

"ఏం కనపడతంది?" అన్నారు బుచ్చేశ్వరరావు గారు.

"ఏం లేదు మామయ్యా. అంతా నల్లగా ఉంది. పైన మూలన ఒక గీత ఆరతా వెలగతా ఉంది."

"నాకు కనపడేదీ ఇంచుమించు అంతే. దానిక్కూడా నీటికాసులు వచ్చినయ్యేమో అడగండి."

కాలేషా నవ్వలేదు. ఇంకో రోజంతా కూర్చుని కొత్త డిస్కు మీద విండోస్ కొత్తగా ఎక్కించాడు. ఈసారి తెర వెలిగింది. అంచుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, 'వానలో కొంగ'తో సహా. ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రోగ్రాం తాళం అడిగింది. ఆ కంపెనీ నెంబరుకి ఫోన్ చేస్తే, ఆ నెంబరు ఉపయోగంలో లేదని ఒక ఆడగొంతు మర్యాదగా మూడు భాషల్లో చెప్పింది. సువర్చల తెర వంక చూస్తూ ఉండిపోయింది. పేర్లున్నాయి, మనుషులు లేని వీధిలా. బుచ్చేశ్వరరావు గారు కాళ్ళు కిందికి దించి చెప్పుల కోసం తడుముకున్నారు. ఆయన కళ్ళు పోయాక గీసినవి మళ్ళీ గీయడమనేది లేదు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు, నాలుగోదాన్ని నాకూ తెలుసు.

కాలేషా నన్ను మళ్ళీ బిగించాడు. టిక్కు టిక్కుమంటూనే లేచాను. ఆ పూటకి పనిచేశాను.

అప్పుడు సువర్చల అతన్ని పిలిచింది. "కాలేషా, ఇట్టా రా, ముందుగదిలోకి. నువ్వు పడుగు మొత్తం మోసుకొచ్చి మగ్గం పక్కన పడేశావు. ఒక్క పోగు గూడా వదల్లేదు, నిజమే. ఏ పోగు ఏ సందులోంచి పోవాలో దానికి ఎవరు చెప్తారు?"

"నేను మగ్గం గుంటలో కాలు పెట్టినోణ్ణి గాదు వదినా. తెలిసేట్టు చెప్పు."

ఆమె చూపించింది. మగ్గానికి అచ్చు అని ఒకటి ఉంటుంది, దువ్వెనలా సన్నటి పళ్ళతో. పడుగులోని, అంటే మగ్గం మీద నిలువునా సాగదీసిన పోగుల్లోని, ప్రతి పోగూ దాని పళ్ళ సందులోంచి తన దారిన తను పోవాలి. ఒక పడుగు నేత అయిపోయాక దాన్ని మొత్తం కోసెయ్యరు. అచ్చు వెనక ఒక మూరెడు వదులుతారు. కొత్త పడుగు తెచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పోగు కొసని పాత పోగు కొసతో మెలిపెట్టి అతుకుతారు. ఆ పోగుకి ఆ పోగే. అన్నీ అతికాక పాతదాన్ని ముందుకు లాగితే, కొత్త పోగులు వాటి వెంటే వచ్చి వాటి వాటి సందుల్లో దూరతాయి. కొత్త పడుగు దారి వెతుక్కోనక్కర్లేదు. పాతది నడిచిన దారే దానిదవుతుంది.

కాలేషా ఆ మూరెడు పడుగుని వేలితో తాకి చూశాడు.

"అట్టా చేసే పద్ధతి మాకూ ఉంది. ఫైళ్ళు తియ్యటం గాదు. మొదటి గది నుంచి చివరి గది దాకా, ఖాళీవి గూడా, ఉన్నదాన్ని ఉన్నట్టు దించటం. అట్టా దించితే కొత్తది దానంతటది లేచిద్ది. తాళం గుర్తు గూడా దాంతోపాటే వచ్చిద్ది."

"మరి మొదలే ఎందుకు చెయ్యలా?"

"భయమేసింది వదినా. ఫైళ్ళైతే మంచియ్యి ఏరుకుని తీసుకోవచ్చు. ఇదయితే ఆనీ ఆనకుండా నడిచే ముల్లు జబ్బు చేసిన చోటిక్కూడా పోవాలి. పోతే మధ్యలో చచ్చిద్దేమో. అప్పుడు ఇదీ ఉండదు, అదీ ఉండదు."

గుమ్మంలో నిలబడి అంతా విన్నారు బుచ్చేశ్వరరావు గారు. "చెయ్యకపోతే ఎన్నాళ్ళుంటది?"

"తెలీదు బాబాయ్. తిరిగినన్నాళ్ళు."

"అంటే రోజూ వెలిగిందా అని అడగాలి, రోజూ భయపడాలి. వద్దు. అతకండి." కాస్త ఆగి, "అమాస నాడు చెయ్యండి" అన్నారు.

కాలేషా విస్తుపోయాడు. "ఎవరైనా పనికి మంచిరోజు చూసుకుంటారు. నువ్వు అమాస అంటావేంది బాబాయ్."

"అమాస మా మగ్గాలకు సెలవురా. వీధి వీధంతా ఆపేస్తారు. ఆ రోజు ఈ ఇంట్లో నేల అదరదు. ముల్లు ఆనీ ఆనకుండా నడుస్తదన్నావుగా. అదిరే నేల మీద అచ్చు ఎవరతుకుతారు?"

నేనన్నాళ్ళూ ఆ చప్పుడుకి తాళం వేస్తున్నానని మురిసిపోయాను. నా ముల్లుకి ఆ అదురు బాధ అని నాకంటే ముందు ఆయనకు తోచింది.

అమావాస్య వచ్చింది. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం వింతగా ఉంటుంది. వీరాస్వామి నేత లేక ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూర్చుని గుంజలకు చమురు పెడుతున్నాడు. కాలేషా తన షాపులోని పెద్ద బ్యాటరీ మోసుకొచ్చాడు, మధ్యలో కరెంటు పోతే ఆగకుండా. నన్నూ కొత్తదాన్నీ పక్కపక్కన దుప్పటి మడత మీద పెట్టాడు. ఎక్కడనుంచి ఎక్కడికి అని ప్రోగ్రాం అడిగినప్పుడు, తెర మీద వేలు పెట్టి పైకి చదివాడు, సువర్చల చేత కూడా చదివించాడు. తిరగేసి నొక్కితే దానిలో ఉన్నదే నా మీదకు వచ్చి నన్ను చెరిపేస్తుంది. ఇద్దరూ ఒప్పుకున్నాక నొక్కాడు.

నా బతుకంతా నేనొకసారి మొదటినుంచి చదువుకున్నది ఆ రోజే. మనుషులకు ఆ అవకాశం ఉండదనుకుంటాను. మొదటి గదిలో నన్ను లేపే నాలుగు మాటలు. వాటి పక్కనే కంపెనీ మనిషి దాచిన తాళం గుర్తు. తర్వాత బాపట్ల. పేరు కొట్టేసినా మిగిలిపోయిన తునకలు, ఎవరివో హాల్‌టికెట్ నెంబర్లు, ఆ అమ్మాయి పంపని ఉత్తరంలో రెండు వాక్యాలు. ఖాళీవనుకున్న గదులు కూడా ఖాళీగా లేవు. ఆ తర్వాత కోటమ్మ గారి మామిడిపిందె, కొంగ, తీగ. ఒక్కొక్కటే చదివి ఇస్తూ పోయాను. ఆవలిది నోరెత్తకుండా తీసుకుంటూ పోయింది.

మధ్యాహ్నం దాటాక జబ్బు చేసిన చోటు వచ్చింది. ముల్లు వెళ్ళింది, టిక్కుమంది, వెనక్కి వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. తెర మీద అంకె కదలడం మానేసింది. నా ఒళ్ళు కాలిపోతోంది. సువర్చల విసనకర్ర తెచ్చి విసరసాగింది.

"ఇదే నే భయపడింది" అన్నాడు కాలేషా. "ఇక్కడే కొట్టుకుని కొట్టుకుని పోయిద్ది."

"తెగిన పోగు దగ్గరే కూచుంటే మిగతా పడుగు ఎప్పుడవ్వాలి? దాన్ని వదిలెయ్. మిగతాయన్నీ అతుకు. ఆ పోగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు."

కాలేషా ఆమె మొహంలోకి చూసి, పని ఆపి, చదవలేనిది వదిలేసి ముందుకు పొమ్మనే ఏర్పాటు వెతికి పెట్టి మళ్ళీ మొదలెట్టాడు. ముల్లు ఆ చోటు దాటింది. నా ప్రాణం కుదుటపడింది. మిగిలినదంతా ఇచ్చాను, చివరి గది దాకా. ఆఖర్న వదిలేసిన చోటికి మళ్ళీ వెళ్ళాను. గుంజుకోగా గుంజుకోగా కొన్ని గళ్ళు వచ్చాయి, ఎంత గుంజుకున్నా కొన్ని రాలేదు. రానివాటిని నేను ఈ రోజుక్కూడా చదవలేను.

పొద్దుగూకుతుండగా నన్ను విప్పి కొత్తదాన్ని బిగించారు. స్విచ్చి నొక్కారు. నల్లటి తెర. మూలన గీత వెలిగింది, ఆరింది, వెలిగింది. తర్వాత ఆ గీత పోయి, ఎప్పటి బొమ్మ వచ్చింది, ఎప్పటి నీలం రంగు వచ్చింది. సువర్చల ప్రోగ్రాం తెరిచింది. అది తాళం అడగలేదు. కొంగ వానలో నిలబడే ఉంది.

"వెలిగిందా?" అన్నారు బుచ్చేశ్వరరావు గారు. ఆయనకు నా చప్పుడు వినపడలేదు మరి.

"వెలిగింది మామయ్యా. దానంతటదే లేచింది."

"చప్పుడే లేదేంది. పని చేస్తందా అది?"

"మాట్లాడకుండా పనిచేసే రకం బాబాయ్" అన్నాడు కాలేషా. "మీ వీధిలో అట్టాంటోళ్ళు తక్కువలే."

ఒక్కొక్క అంచే తెరిచి చూశారు. అన్నీ తెరుచుకున్నాయి. చివరికి 'జోడు చిలకలు' తెరిచేసరికి సువర్చల చెయ్యి ఆగింది. పూర్తయిన చిలక మెడ మీద, కొన్ని వరసల మేర తెల్లగా ఉంది. తల ఒక చోట, ఒళ్ళు ఒక చోట. నేను ఇవ్వలేకపోయిన గళ్ళు అవే.

ఏ వరసల్లో గళ్ళు పోయాయో ఆమె లెక్కపెట్టింది. చెప్పింది. కాలేషా తలవంచుకున్నాడు. బుచ్చేశ్వరరావు గారు కుర్చీ తడుముకుని ఎక్కి మఠం వేసుకున్నారు.

"ఖాళీకి పై వరసలో ఏమున్నయ్యో చదువు."

ఆమె చదివింది. కింది వరస కూడా చదవమన్నారు. చదివింది. ఆయన కళ్ళు మూసుకుని, కుడిచేతి వేలు ఎడమ అరచేతిలో ఆడిస్తూ కూర్చున్నారు. తర్వాత మొదలుపెట్టారు. "రెండు పచ్చ. ఒకటి వదులు. మూడు ఎరుపు. ఆ ఎరుపు మీదే మెడ వంపు తిరగాలి, అక్కడ తొందరపడబాక." ఆమె నింపుతూ పోయింది. వీరాస్వామి చమురు చేతులతో వచ్చి వెనక నిలబడ్డాడు. వరస తర్వాత వరస, తలకూ ఒంటికీ మధ్య ఖాళీ పూడింది.

"అయిపోయింది మామయ్యా, చిలక అతుక్కుంది" అంది సువర్చల.

ఆయన ఆగలేదు. "రెండోదాని తల ఎక్కడిదాకా ఉంది? చదువు."

ఆమె చదివింది. లెక్క తప్పలేదు. ఆయన రెండో చిలక మెడ చెప్పారు. రెక్క చెప్పారు. రెక్కలో ఈకకీ ఈకకీ మధ్య వదలాల్సిన పోగు చెప్పారు. కళ్ళతో గియ్యాల్సింది నోటితో ఎలా అన్న మనిషి, నోరు ఎండిపోయి మంచినీళ్ళు అడిగేదాకా చెప్తూనే ఉన్నారు. తర్వాత రోజుల్లో కూడా చెప్పారు. ఆ చిలక తోక పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో అదే పని.

నా సంగతి మిగిలింది. కాలేషా నన్ను చేతిలో తూకం చూస్తున్నట్టు పట్టుకుని, "దీన్ని పాతసామాను బండికి ఇచ్చెయ్యనా వదినా, ఇనపముక్కేగా ఇక" అన్నాడు.

"మూరెడు పడుగు వదలకుండా ఎవరన్నా కోసేస్తారా? రేపు ఆ చప్పుడు లేనిది మొరాయిస్తే దేనికి అతుకుతావు?"

"మొరాయించదులే."

"మొరాయించకపోతే మంచిదే. ఇది మాత్రం ఇంట్లో ఉంటది."

అలా నేను ముందుగదిలో మగ్గం పక్కన గోడగూట్లోకి వచ్చాను. దసరాకి మగ్గానికీ, నాడెలకీ, అచ్చుకీ పసుపూ కుంకుమా పెట్టినప్పుడు నాకూ పెడతారు. దుమ్ము రేణువు తగలకూడదని పుట్టించిన ఒంటి మీద ఇప్పుడు కుంకుమ ఉంది, బూడిద ఉంది, నూలు నలుసు ఉంది. ఏమీ బాధ లేదు. ఇప్పుడు నేను తిరగడం లేదు.

ఒక్కోసారి ఆలోచిస్తాను. గోడకవతల నడవలో ఉన్నది కూడా నేనే కదా. బాపట్ల దానికీ తెలుసు, ఆ ఉత్తరంలో రెండు వాక్యాలూ దానికీ తెలుసు. ఆ అమావాస్య దాకా మా ఇద్దరిదీ ఒకటే బతుకు. ఆ తర్వాతిది మాత్రం వేరు. దానికి కొత్త అంచులు తెలుసు. నాకు మగ్గం చప్పుడు తెలుసు. ఎవరికి ఏది మిగిలిందో దానితోనే గడపాలి, మీరైనా నేనైనా.

జోడు చిలకల అంచుకి అట్టలు కొట్టించి వీరాస్వామి మగ్గానికి ఎక్కించాడు. ఏ పడుగైనా మొదలెట్టినప్పుడు కాస్త గుడ్డ నేసి, పోగులు సరిగా లేస్తున్నాయో లేదో చూసుకుని, దాన్ని కోసి పక్కన పెడతారు. ఆ ముక్క సువర్చల మామగారి చేతికిచ్చింది. ఆయన అంచు పొడుగునా వేలు నడిపించారు. మెడ దగ్గర ఒకసారి ఆగి, మళ్ళీ ముందుకు పోయారు.

"బానే తిరిగింది వంపు" అన్నారు.

ఆ ముక్కని రెండు మడతలు పెట్టి, గూట్లో నా కింద పరిచింది ఆమె. నేను ఇవ్వలేకపోయిన గళ్ళు ఇప్పుడు నా ఒంటి కిందే ఉన్నాయి. వాటి మీద పడుకుని మగ్గం చప్పుడు వింటూ ఉంటాను.

కంప్యూటర్ పెట్టిన ప్రతిసారీ బుచ్చేశ్వరరావు గారు మాత్రం అలవాటు మానలేదు. చప్పుడు వినపడదు కాబట్టి ఇప్పుడు మరీ తప్పనిసరిగా అడుగుతారు.

"వెలిగిందా?"

"వెలిగింది మామయ్యా" అంటుంది సువర్చల నడవలోంచి.

గూట్లోంచి నేనూ అదే అనుకుంటాను.